అడవిపందిని దొడ్డిలో ఉంచాలంటే - 5వ పాఠం: ఏడు రోజులు, రెండు వందల గజాలు

పోయిన పాఠంలో ట్రాప్ ఎక్కడ పెట్టాలో, మేత ఎన్ని రోజులు అలవాటు చేయాలో, తలుపు ఎప్పుడు వదలాలో చెప్పుకున్నాం. చివర్లో ఒక్క మాట కలిపాను: టెక్సస్‌లో 2019 సెప్టెంబరు 1 నుంచి, స్థలం యజమాని ఒప్పుకుంటే చాలు, అడవిపందుల వేటకు హంటింగ్ లైసెన్సు అక్కర్లేదని. ట్రాప్ సంగతులన్నీ పక్కనపెట్టి అందరూ ఆ ఒక్క మాటనే పట్టుకున్నారు. "చంపడానికే లైసెన్సు లేనప్పుడు దొడ్డిలో పెట్టుకోవడానికి పర్మిట్ ఎందుకండీ?" అని చాలామంది అడిగారు. కొందరైతే అడగకుండానే పట్టిన పందుల్ని పెరట్లో కట్టి ఫోటోలు పంపారు. అందుకే ఇవాళ కంచె గురించి రాయాలనుకున్నది సగానికి తగ్గించి, ముందు ఈ చిక్కు విప్పుతాను.

చంపడం ఒక పని. బతికున్నదాన్ని ఉంచుకోవడం ఇంకో పని. ట్రైలర్‌లో ఎక్కించి ఇంకోచోటికి తీసుకెళ్లడం మూడో పని. వేట నియమాలు టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్ చూస్తుంది. బతికున్న పందిని పట్టి ఉంచడం, తరలించడం టెక్సస్ యానిమల్ హెల్త్ కమిషన్ చేతిలో ఉంటాయి. మొదటి శాఖ వదిలేసిందని రెండోది కూడా వదిలేసినట్టు కాదు. కమిషన్‌కు పంటనష్టం ప్రధానం కాదు. ఆ పంది ఒంట్లో ఉన్న బ్రూసెల్లోసిస్, సూడోరేబిస్ అనే అంటువ్యాధులు ఊళ్లోని పెంపుడు మందల్లోకి వెళ్లకుండా ఆపడమే దాని పని. అమెరికా వాణిజ్య మందల్లో సూడోరేబిస్‌ను పూర్తిగా తుడిచిపెట్టింది 2004లో. అడవిపందుల్లో అది ఇప్పటికీ ఉంది. నియమాలు ఇంత గట్టిగా ఉండడానికి కారణం ఈ రెండు వాక్యాల్లోనే ఉంది.

ఇంకో సంగతి. ఈ పాఠాలు టెక్సస్‌కు మాత్రమే. మిషిగన్‌లో ఉన్న మిత్రులు ఇద్దరు ముగ్గురు ఇదే పద్ధతి అక్కడ పనికొస్తుందా అని అడిగారు. రాదు. రష్యన్ బోర్ (యూరేషియా అడవిపంది) జాతి పందుల్ని దగ్గర ఉంచుకోవడమే అక్కడ నేరం. ఆ ఉత్తర్వు 2010లో వచ్చింది, 2012 నుంచి గట్టిగా అమలవుతోంది. న్యూయార్క్ కూడా 2013లో చట్టం చేసింది. ఆ రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు దయచేసి ఇక్కడితో ఆగిపోండి.

ఇప్పుడు ఏడు రోజుల సంగతి. మీ స్థలంలో పట్టిన పందిని తప్పించుకోలేని దొడ్డిలోనో ట్రైలర్‌లోనో ఏడు రోజుల దాకా ఉంచవచ్చు. ఆలోపు అది మూడు చోట్లలో ఒకదానికి చేరాలి: గుర్తింపు ఉన్న కబేళా, కమిషన్ ఆమోదించిన హోల్డింగ్ ఫెసిలిటీ (పట్టిన పందుల్ని ముందుకు పంపేదాకా ఉంచే దొడ్డి), లేదా అనుమతి ఉన్న హంటింగ్ ప్రిజర్వ్ (కంచె వేసిన వేట స్థలం). హంటింగ్ ప్రిజర్వ్‌లో వదలడానికి మగ పందులు మాత్రమే పనికొస్తాయి, విత్తులు తీసినవైనా, తీయనివైనా. ఆడ పందికి ఆ దారి లేదు. కారణం ఊహించడం కష్టం కాదు: ఆడపంది ఆరు నెలల వయసుకే చూలు కట్టవచ్చు, మూడు నెలల మూడు వారాల మూడు రోజులకు ఈనుతుంది. ప్రిజర్వ్ కంచె ఒక్కచోట తెగితే చుట్టుపక్కల పొలాల గతి ఏమవుతుందో మీరే చూసుకోండి.

మన పొలంలో పట్టినదాన్ని దూరంగా తీసుకెళ్లి ఇంకో పొలంలో వదిలేస్తామంటే అది ఈ మూడింట్లో లేదు. "చంపడం ఇష్టం లేదండీ, అడవిలో వదిలేస్తే పుణ్యం కదా" అని ఒకరు అడిగారు. ఆ మనసు నాకు అర్థమవుతుంది. కానీ అక్కడి రైతు మొక్కజొన్న మీద, అక్కడి ఆవుల మీద ఆ భారం పడుతుంది. చంపడం ఇష్టం లేనివాళ్లు ట్రాప్ జోలికి వెళ్లకుండా, పంట చుట్టూ కరెంటు తీగ వేసుకోండి.

ఇక అసలు చిక్కు. వచ్చిన ప్రశ్నల్లో సగం దీని చుట్టూనే తిరిగాయి, నాకు అన్నింటికన్నా చిరాకు తెప్పించేదీ ఇదే: "ఈ పంది అడవిదే, కానీ ఇప్పుడు నాది కాబట్టి పెంపుడుదైపోయింది" అనుకోవడం.

వ్యాధి నియంత్రణ నియమాలు పందుల్ని మూడు వర్గాలు చేస్తాయి. మొదటిది, స్వేచ్ఛగా తిరిగే ఫెరల్ పందులు, అంటే మనం అడవిపందులంటున్నవి. రెండోది వాణిజ్య మంద. ఎప్పుడూ అదుపులో ఉండి, బయటి పందుల సోకు తగలకుండా కట్టుదిట్టమైన ఏర్పాట్ల మధ్య పెరిగేవి. మూడోది ట్రాన్సిషనల్, అంటే ఆ రెండింటికీ మధ్యలో ఉన్న వర్గం. పట్టి ఉంచిన ఫెరల్ పందులు ఇందులోకి వస్తాయి. వాటితో కలిసే అవకాశం ఉన్న పెంపుడు పందులు కూడా ఇందులోకే వస్తాయి. కలవక్కర్లేదు, కలిసే అవకాశం ఉంటే చాలు. ఈ మాటను రెండుసార్లు చదవండి.

ఈ మూడింటినీ మీరు పంపిన ఉదాహరణలకు అన్వయిద్దాం.

తల్లి చనిపోతే అడవిపంది పిల్లను తెచ్చి సీసాతో పాలు పట్టి పెంచారు. పిలిస్తే వస్తుంది, ఇంట్లో పిల్లలతో ఆడుకుంటుంది. అయినా అది పట్టి ఉంచిన ఫెరల్ పందే. మచ్చికైందా లేదా అన్నది ఏ ఫారంలోనూ అడగరు.

పక్కవాళ్ల పెంపుడు పంది కంచె దాటి రెండు నెలలు వాగు వెంబడి తిరిగి మళ్లీ దొరికింది. చెవికి పాత ట్యాగు అలాగే ఉంది. కానీ జీవితంలో కొంతకాలం ఎవరి అదుపూ లేకుండా తిరిగింది కాబట్టి ఇక దాన్ని పాత మందలో కలపకూడదు. మెడలో గంట కట్టినా, రంగు గులాబీగా ఉన్నా అంతే. ఒంటిరంగు, జాతి, కోరలు ఇవేవీ లెక్కలోకి రావు. దాని చరిత్రనే చూస్తారు.

పట్టిన చూడిపంది మీ దొడ్డిలోనే ఈనింది. పిల్లలు అడవి మొహం చూడలేదు. నిజమే, కానీ పుట్టిన క్షణం నుంచి ఫెరల్ తల్లి పాలు తాగుతున్నాయి. అవి ట్రాన్సిషనల్. "నా దొడ్లో పుట్టింది కదా" అనే వాదనతో ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్లకండి.

మీ అబ్బాయి కౌంటీ ఫెయిర్ కోసం ఒక షో పిగ్ (పోటీలో ప్రదర్శించే పెంపుడు పంది) పెంచుతున్నాడు. పట్టిన పందుల దొడ్డి దాని పక్కనే ఉంది, మధ్యలో ఒక్క జాలీ కంచె. రెండువైపులా ముట్టెలు జాలీకి ఆనించి వాసన చూసుకుంటున్నాయి. ఇక్కడ మీరు పాడుచేసింది అబ్బాయి ఏడాది కష్టాన్ని. ఇప్పుడు ఆ షో పిగ్ కూడా ట్రాన్సిషనల్ వర్గంలోకి వచ్చేసింది.

చివరిది రక్తపరీక్ష. "టెస్టు చేయించాం, నెగెటివ్ వచ్చింది, ఇక కలిపేయొచ్చా?" కలపకూడదు. సోకిన వెంటనే రక్తంలో యాంటీబాడీలు కనిపించవు, వారాలు పడుతుంది. సూడోరేబిస్ హెర్పిస్ కుటుంబానికి చెందిన వైరస్. ఒకసారి సోకాక నరాల్లో దాక్కుని, పందికి ఒత్తిడి కలిగినప్పుడు మళ్లీ బయటికొస్తుంది. పట్టడం, ట్రైలర్ ఎక్కించడం, కొత్త చోట కట్టేయడం కన్నా పందికి పెద్ద టెన్షన్ ఏముంటుంది? ఒక్క నెగెటివ్ రిపోర్టు ఆ రోజుకు మాత్రమే సాక్ష్యం. ఈ వైరస్ మనకు అంటడం చాలా అరుదు గానీ కుక్కలకు, ఆవులకు, మేకలకు సోకితే బతకడం అరుదు. బ్రూసెల్లోసిస్ మాత్రం మనకూ అంటుతుంది. కోసేటప్పుడు గ్లవ్స్ లేకుండా చేయి పెట్టకండి.

ఇదంతా అర్థమైతే రెండు వందల గజాల నియమం వేరుగా నేర్పక్కర్లేదు. హోల్డింగ్ ఫెసిలిటీకీ పెంపుడు పందుల దొడ్డికీ మధ్య కనీసం అంత దూరం ఉండాలి. కొలిచేటప్పుడు ఇంటి నుంచో, గేటు నుంచో కాదు, కంచె నుంచి కంచెకు కొలవండి. పక్కవాళ్ల పందులు కూడా లెక్కలోకి వస్తాయి. నేనైతే దరఖాస్తు పెట్టేముందు చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి పందులున్నాయా అని అడిగి, మ్యాపు మీద గుర్తు పెట్టుకుంటాను. శాటిలైట్ మ్యాపులో రేకుల షెడ్డు కనిపిస్తుంది, అందులో ఏముందో కనిపించదు.

కంచె. ఇన్‌స్పెక్టర్ మనసులో ఒకటే ప్రశ్న ఉంటుంది: ఇందులోంచి పంది బయటపడగలదా? పంది మూడు రకాలుగా ప్రయత్నిస్తుంది. కింద తవ్వుతుంది, మూలల్లో ఒకదాని మీద ఒకటి ఎక్కి దూకుతుంది, గేటు ఎత్తేస్తుంది. కాబట్టి దొడ్డిని గుండ్రంగా కట్టండి, మూలలే లేకుండా. షాపుల్లో దొరికే హాగ్ ప్యానెల్ (ఇనుప కమ్మీల కంచె పలక) ఎత్తు 34 అంగుళాలే, అది పెంపుడు పందులకు. నేను 60 అంగుళాల ప్యానెల్ తప్ప ఇంకోటి వాడను. పందిపిల్లలు దూరకుండా కిందివైపు సన్న జాలీ అదనంగా బిగిస్తాను. టీ-పోస్టులు (టీ ఆకారపు ఇనుప స్తంభాలు) దగ్గరదగ్గరగా పాతండి, ప్యానెల్‌ను పోస్టుకు లోపలివైపు కట్టండి. పంది నెట్టినప్పుడు బరువు పోస్టు మీద పడాలి గానీ కట్టుతీగ మీద కాదు.

గేటు మీద ఇంకొంచెం శ్రద్ధ పెట్టండి. మామూలుగా రెండు కీళ్ల మేకులూ పైకి చూస్తూ ఉంటాయి, గేటును పైనుంచి వాటిలో దించుతారు. పంది అడుగు కమ్మీ కింద ముట్టె పెట్టి ఒక్క ఊపు ఊపితే గేటు మొత్తం కీళ్లలోంచి లేచి పక్కకు పడుతుంది, గొళ్లేనికి వేసిన తాళం మాత్రం చెక్కుచెదరదు. పై మేకును తిప్పి కిందికి చూసేలా బిగించండి. రెండూ ఎదురెదురుగా ఉంటే గేటు ఎటూ లేవదు. పది నిమిషాల పని.

రిజిస్టరు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఏ తేదీన, ఎన్ని, ఆడవా మగవా, ఎక్కడ పట్టినవి, ఏ గుర్తుతో, ఎక్కడికి వెళ్లాయి. అయిదేళ్లు దాచండి. ఫోన్లో కాదు, పుస్తకంలో రాయండి, ట్రైలర్ కదలకముందే రాయండి.

ఒకరు హవెలీనా గురించి అడిగారు. అది పందిలా కనిపిస్తుంది గానీ పంది కాదు, టెక్సస్‌లో అది గేమ్ యానిమల్, అంటే వేట నియమాల కింద ఉన్న జంతువు. ట్రాప్‌లో పడితే తలుపు తీసి వదిలేయండి.

ఈసారి అభ్యాసం కొంచెం బరువైనదే, తప్పించుకోకండి. గురువారం సాయంత్రం మీ ట్రాప్‌లో ఆరు పడ్డాయి అనుకోండి: రెండు పెద్ద మగవి, ఒక చూడి ఆడది, చెవికి పాత ట్యాగు ఉన్న ఒక తెల్ల ఆడది, రెండు పిల్లలు. మీ దొడ్డికి నూట యాభై గజాల దూరంలో పక్కింటివాళ్ల షో పిగ్స్ ఉన్నాయి. మీకు హోల్డింగ్ ఫెసిలిటీ ఆమోదం ఇంకా రాలేదు.

ఒక్కో పందికి విడిగా రాయండి: అది ఏ వర్గం, ఎక్కడికి వెళ్లవచ్చు, ఎక్కడికి వెళ్లకూడదు, ఏ రోజులోపు మీ దొడ్డి దాటాలి. పక్కింటి షో పిగ్స్ మీద మీ పని ప్రభావం ఏమిటో, ఆ రాత్రే వాళ్లకు ఏమని చెబుతారో రాయండి. ఆదివారం రాత్రి చూడిపంది నాలుగు పిల్లల్ని ఈనితే మీ జవాబుల్లో ఏవి మారతాయో చూడండి. తర్వాత ఆరు పందులకూ రిజిస్టరు పేజీ పూర్తిగా నింపి, దాన్ని ఫోటో తీసి పంపండి. ట్యాగు ఉన్న తెల్లదాన్ని దాని పాత యజమానికి అప్పగిస్తామని రాసినవాళ్లు మూడు వర్గాల భాగం మళ్లీ చదివి ఇంకోసారి రాయండి. జవాబులు పంపినవాళ్లకే 6వ పాఠంలో దరఖాస్తు ఫారం గడి గడికీ నింపిస్తాను.