ప్యాకెట్ రేడియో నోడ్‌లను ఇంటర్నెట్‌తో కలపాలంటే పోర్టు ఎలా సెట్ చేయాలి?

ప్యాకెట్ రేడియో అంటే డేటాను చిన్న ప్యాకెట్లుగా చేసి రేడియోలో పంపడం, వాటిని అందుకుని ముందుకు పంపే స్టేషనే నోడ్. రేడియో అందనంత దూరంలో ఉన్న రెండు నోడ్‌లను కలపడానికి హ్యామ్‌లు (అభిరుచితో రేడియో నడిపేవాళ్లు) ఎక్కువగా వాడేది ఏఎక్స్‌యూడీపీ. ఏఎక్స్.25 ఫ్రేమ్‌ను, అంటే ప్యాకెట్ రేడియో వాడే డేటా ముక్కను, ఇంటర్నెట్‌లో నడిచే యూడీపీ ప్యాకెట్‌లో పెట్టి పంపుతుంది, అంతే. దీనికి అన్నలాంటి ఏఎక్స్‌ఐపీ నేరుగా ఐపీ ప్రోటోకాల్ 93 మీద నడుస్తుంది. దానికి పోర్టు నంబరే ఉండదు కాబట్టి చాలా ఇంటి రౌటర్లకు అది మింగుడుపడదు. మనం యూడీపీతోనే పోదాం. నోడ్ సాఫ్ట్‌వేర్ లిన్‌బీపీక్యూ అనుకుందాం.

1. ముందు రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు రౌటర్‌కి ఉన్న అడ్రస్) చూడండి. అది 10.తోనో, 192.168.తోనో, 100.64 నుంచి 100.127 లోపు అంకెలతోనో మొదలైతే మీరు సీజీనాట్ (ప్రొవైడర్ ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచే పద్ధతి) వెనకో, ఇంకో రౌటర్ వెనకో ఉన్నట్టే. సీజీనాట్ అయితే మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా బయటివాళ్లు లోపలికి రాలేరు. ప్రొవైడర్‌ని పబ్లిక్ ఐపీ అడగండి.

2. నోడ్ నడిచే చిన్న కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై (Raspberry Pi)కి ఇంటి నెట్‌వర్క్‌లో మారని ఐపీ ఇవ్వండి.

3. రౌటర్‌లోని పోర్ట్ ఫార్వర్డింగ్‌లో 10093 పోర్టును ఆ ఐపీకి పంపండి. ప్రోటోకాల్ దగ్గర యూడీపీ ఎంచుకోవాలి. నేను అలవాటుగా టీసీపీ పెట్టేసి రెండు సాయంత్రాలు తల బాదుకున్నాను. పైగా పోర్ట్ తెరిచి ఉందో లేదో చెప్పే సైట్లు చాలావరకు టీసీపీనే పరీక్షిస్తాయి, వాటి మాట నమ్మకండి. వెబ్ పేజీకి, టెల్‌నెట్‌కి వాడే పోర్టులను మాత్రం ఇంటర్నెట్‌కి తెరవొద్దు.

4. లిన్‌బీపీక్యూ కాన్ఫిగ్ ఫైల్‌లో బీపీక్యూఏఎక్స్‌ఐపీ డ్రైవర్‌తో ఒక పోర్టు చేర్చి, అందులో యూడీపీ 10093 అని రాయండి. తర్వాత మ్యాప్ లైను: అవతలి స్టేషన్ కాల్‌సైన్, దాని అడ్రస్, యూడీపీ, 10093, చివర బీ అక్షరం. ఆ బీ ఉంటేనే మీ నోడ్ తనకు తెలిసిన నోడ్‌లను చాటే నోడ్స్ బ్రాడ్‌కాస్ట్ అటు వెళ్తుంది. కాల్‌సైన్ చివర గీత తర్వాత వచ్చే అంకె, అంటే ఎస్ఎస్ఐడీ, అవతలివాళ్లు ఇచ్చినట్టే ఉండాలి. -7 బదులు -1 పడితే లింకు రాదు, ఎర్రర్ కూడా కనబడకపోవచ్చు. ఐపీ మారుతుంటే దాని బదులు డైనమిక్ డీఎన్ఎస్ పేరు (ఐపీ మారినా మారని పేరు) వాడండి. రూట్స్‌లో క్వాలిటీని, అంటే ఆ దారికి ఎంత ప్రాధాన్యమో చెప్పే అంకెను, 255 పెట్టాలని చేతులు దురదపెడతాయి. పెడితే ట్రాఫిక్ అంతా ఇంటర్నెట్‌కే పోయి రేడియో మూగబోతుంది, 192 దగ్గర ఆపండి.

5. ఇప్పుడు నెట్‌వర్క్‌లో వచ్చిపోయే ప్యాకెట్లను చూపే టీసీపీడంప్‌లో యూడీపీ పోర్ట్ 10093 మీద కన్నేయండి. మీవైపు నుంచి వెళ్తున్నాయి గానీ రావడం లేదంటే మీ ఫార్వర్డింగ్ చూసి, ఆ తర్వాతే అవతలి ఆపరేటర్‌ని అడగండి. రెండు వైపులా లైన్లు కనిపిస్తే ప్యాకెట్లు అటూ ఇటూ చేరుతున్నట్టే, అయినా లింకు రాకపోతే రాస్ప్‌బెర్రీ పై మీది ఫైర్‌వాల్ చూడండి. నోడ్స్ జాబితా వెంటనే నిండదు, అవతలి నుంచి బ్రాడ్‌కాస్ట్ వచ్చేదాకా ఆగాలి.

ఇండియాలో ఉన్నవాళ్లు ఈ నోడ్‌కి ట్రాన్స్‌మిటర్ తగిలించే ముందు డబ్ల్యూపీసీ (రేడియో లైసెన్సులు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ విభాగం) ఇచ్చిన లైసెన్సు షరతులు ఒకసారి చదువుకోవాలి.