లాంగ్ ట్రిప్‌కి ముందు టైర్లు, బండి ఎలా చూసుకోవాలి

తెల్లవారితే ప్రయాణం అనగా రాత్రి టార్చి పట్టుకుని టైర్లు చూస్తే లాభం లేదు. తేడా కనిపించినా అప్పటికప్పుడు ఏమీ చేయలేక "పర్లేదులే" అనుకుని బయల్దేరిపోతాం. కనీసం వారం ముందు చూడండి.

స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పి బండి ఆపితే ముందు టైర్ల ముఖం బయటికి కనిపిస్తుంది. గాడుల అడుగున అక్కడక్కడా అడ్డంగా చిన్న రబ్బరు గట్లు ఉంటాయి, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు అరిగి అరిగి ఆ గట్లతో సమానం అయిందంటే దాని పని అయిపోయినట్టే. కొత్త టైరుకి గాడి లోతు దాదాపు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. నా మాట అడిగితే గట్ల దాకా ఆగొద్దు, 3 మిల్లీమీటర్లకి వస్తే దూర ప్రయాణానికి ముందే మార్చేయండి, ఎందుకంటే వానలో టైరు కింది నీళ్లని పక్కకి తోసేది ఆ గాడులే, అవి లేకపోతే బండి నీటి మీద తేలినట్టు జారిపోతుంది.

ఎంత అరిగిందన్నదే కాదు, ఎక్కడ అరిగిందో కూడా చూడాలి. రెండు అంచులూ అరిగితే చాలాకాలం గాలి తక్కువతో నడిపారని, నడిమి అరిగితే గాలి ఎక్కువైందని, ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ (చక్రాలు తిన్నగా ఉండాల్సిన కోణం) పోయిందని అర్థం. అరచేత్తో టైరుని అడ్డంగా తడమండి. ఒకవైపు నిమిరితే నున్నగా, తిరిగి ఇటు నిమిరితే గరుగ్గా వేళ్లకి తగులుతోందా? అదీ అలైన్‌మెంట్ బాపతే. లోపలి అంచు చూడటం మాత్రం మర్చిపోవద్దు. ఒకసారి నా బండి టైరు బయటినుంచి చూస్తే నిక్షేపంగా ఉంది, పైకెత్తి చూస్తే లోపలివైపు తీగలు బయటపడి ఉన్నాయి!

పక్క గోడ మీద ఉబ్బు కనిపిస్తే ఇంక ఆలోచించొద్దు, లోపల దారాలు తెగిపోయాయి, అది ఎప్పుడైనా పేలొచ్చు. టైరు వయసు తెలుసుకోవాలంటే పక్క గోడ మీద DOT అని మొదలయ్యే డాట్ కోడ్ చివరి నాలుగంకెలు చూడండి: 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైనట్టు. ఒక పక్క కనిపించకపోతే రెండో పక్క ఉంటుంది. ఎంత గాడి మిగిలినా పదేళ్లు దాటిన టైరు వద్దు.

గాలి చల్లటి టైర్లలోనే కొలవాలి, అంటే బండి కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్నాక. ఎంత పెట్టాలో డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది, నిండా మనుషులూ సామానూ ఉన్నప్పుడు ఎంతో కూడా చాలా బండ్లకి అక్కడే రాసి ఉంటుంది. టైరు మీద ఉన్న అంకె గరిష్ఠం, అది పట్టించి తెచ్చుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. దారిలో వేడెక్కి నాలుగైదు పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) పెరిగిందని టెన్షన్ పడి గాలి తీయకండి, తీస్తే చల్లారాక తక్కువైపోతుంది.

స్టెప్నీ గాలి కూడా చూడండి. అంతకంటే ముఖ్యం, బండిలో ఉన్న స్పానర్‌తో ఇంటి దగ్గరే ఒక్క నట్టు వదులు చేసి చూడండి. షాపుల్లో మెషీన్‌తో బిగించిన నట్టు రోడ్డు పక్కన మన చేతికి లొంగదు.

మిగతావి పది నిమిషాల పని. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మట్టాలు, వైపర్లు, ఎవరినైనా వెనక నిలబెట్టి బ్రేక్ లైట్లు. బ్రేక్ ఆయిల్ తగ్గితే పోసేసి ఊరుకోకండి, ప్యాడ్లు అరిగాయేమో చూపించండి. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయొద్దు.

కొత్త టైర్లు వేయిస్తే మొదట్లో కాస్త జారుతాయి, పైగా ఓ వంద కిలోమీటర్లలోపు నట్లు మళ్లీ బిగించి చూసుకోవాలి. అది హైవే ఎక్కకముందే అయిపోవాలి, వారం ముందు అన్నది అందుకు కూడా.