పాత మినీని ట్రాక్‌కి తీసుకెళ్తున్నారా, ముందు ఆయిల్ సంగతి చూడండి

1959లో వచ్చిన ఆ బుల్లి బ్రిటిష్ కారు మినీని రేసు కారుగా మార్చాలనుకునేవాళ్ళు అందరూ ముందు కార్బ్యురేటర్ మీద, ఇంజిన్ వాల్వులు తెరిచే క్యామ్ మీద పడతారు. నేనూ అంతే చేశాను, డబ్బు వదిలింది. అసలు చూడాల్సింది ఆయిల్. మినీలో గేర్‌బాక్స్ ఇంజిన్ కింద, ఆయిల్ నిలిచే సంప్‌లోనే ఉంటుంది, అంటే ఇంజినూ గేర్లూ చక్రాలకి శక్తి పంచే డిఫరెన్షియలూ అన్నీ ఒకే ఆయిల్‌తో బతకాలి. రోడ్డు మీద ఇబ్బంది లేదు గానీ ఇంగ్లండ్‌లోని బ్రాండ్స్ హ్యాచ్ ట్రాక్‌లో క్లియర్‌వేస్ లాంటి పొడుగాటి మలుపులో గట్టిగా తిప్పితే ఆయిలంతా ఒక పక్కకి పోతుంది, పంపు గాలి పీలుస్తుంది, బేరింగులు పోవడానికి ఎంతోసేపు పట్టదు. నా కారులో మలుపు మధ్యలో ఆయిల్ ప్రెషర్ ముల్లు పడిపోయి మళ్ళీ లేచేది, మీటరే పాడైందనుకున్నాను!

అందుకే ఇంజిన్ విప్పినప్పుడే సంప్ మధ్యలోంచి ఆయిల్ లాగే సెంటర్ పికప్ పైపు వేయించండి, తర్వాత వేయాలంటే మళ్ళీ మొత్తం దించాలి. ప్రెషర్ పడిపోగానే ఎర్రగా వెలిగే పెద్ద లైటు కళ్ళెదురుగా పెట్టుకోండి, మలుపులో ముల్లు చూసే తీరిక ఎవరికుంటుంది?

ఆయిల్ మార్చిన ప్రతిసారీ డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతాన్ని వేలితో తుడిచి చూడండి. నల్లటి మెత్తటి పేస్టులా ఉంటే మామూలే. గోరుకి తగిలే రేకు ముక్కలు కనిపిస్తే మాత్రం ఆ వారం రేసు మానేసి గేర్‌బాక్స్ విప్పండి.