నడుము బెల్టు కొనే ముందు

నొప్పి ఎక్కడో ముందుగా వేలితో చూపించండి. వేలు నడుము మధ్యన ఆగితే వెడల్పాటి నడుము బెల్టు కావాలి. ఇంకా కిందికి, పిరుదుల పైన కనిపించే రెండు గుంటల దగ్గర ఆగితే తుంటి చుట్టూ కట్టే సన్నని బెల్టు. చాలామంది పొరబడేది ఇక్కడే.

కాళ్లలో బలం తగ్గినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మలమూత్రాలు అదుపు తప్పినా బెల్టు మాట పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

తుంటి బెల్టు కొనాలనుకుంటే ఒక చిన్న పరీక్ష చేసుకోండి. వెల్లకిలా పడుకుని, మోకాలు వంచకుండా ఒక కాలు జానెడు ఎత్తు లేపండి. తర్వాత ఎవరిచేతనైనా తుంటిని రెండు పక్కల నుంచీ మెల్లగా లోపలికి నొక్కించుకుని మళ్లీ లేపండి. కాలు ఈసారి తేలికగా లేచిందా? అయితే బెల్టు ఉపయోగపడే అవకాశం ఉంది. ఏ తేడా లేకపోతే కొనడానికి తొందరపడకండి, ఫిజియోథెరపిస్టును అడగండి.

• కొలత టేపుతోనే, అదీ బెల్టు కూర్చునే చోటే. ప్యాంటు సైజు చెప్పి తెచ్చుకున్నది తరచుగా అటకెక్కుతుంది.

• వేసుకుని కూర్చోండి, వంగండి, నడవండి. నిలబడితే ముద్దుగా ఉండి, కూర్చుంటే గజ్జల్లో గుచ్చుకునేవే ఎక్కువ.

• బిగించాక అరచేయి లోపలికి దూరాలి. కాలు తిమ్మిరెక్కితే వదులు చేయండి.

• గర్భిణులు డాక్టరును అడిగాకే. పట్టీ పొట్ట మీద కాదు, పొట్ట కింద ఉండాలి.

• పలుచని నూలు బట్ట మీద కట్టుకోండి, పడుకునేటప్పుడు తీసేయండి.