సొంతంగా కట్టుకున్న సైట్‌లో తెలుగు హాయిగా చదవాలంటే

మనోళ్ళు చాలామంది రెడీమేడ్ టెంప్లేట్లు వదిలేసి నోట్‌ప్యాడ్‌లో హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ (పేజీలో ఏముండాలో, అది ఎలా కనపడాలో చెప్పే కోడ్లు) చేత్తో రాసుకుని సొంత సైట్ పెట్టుకుంటున్నారు, చూస్తే ముచ్చటేస్తుంది, కానీ తెరిచి నాలుగు లైన్లు చదివేసరికి కళ్ళు లాగేస్తాయి. రాసింది బాగోక కాదు. ఇంగ్లీషు అక్షరాలకి కుదిరిన కొలతలన్నీ అలాగే కాపీ కొట్టి అందులో తెలుగు పెట్టడం వల్ల.

ముందు లైన్ల మధ్య ఖాళీ చూడండి, సగం జబ్బు అక్కడే ఉంటుంది. ఇంగ్లీషుకి లైన్-హైట్ (లైను ఎత్తు అక్షరం సైజుకి ఎన్ని రెట్లో) 1.4, 1.5 చాలు. మనకి పైన గుళ్ళు, ఏత్వాలు, కింద ఒత్తులు, వట్రసుడులు, ఒక్కోసారి ఒకే అక్షరానికి రెండు ఒత్తులు. ఒక పని చెయ్యండి, "ఇంద్రకీలాద్రి కృష్ణా రాష్ట్రం" అని వరసగా నాలుగైదు లైన్లు నిండేదాకా పేస్ట్ చేసి ఫోన్‌లో చూడండి. పై లైన్లో రాష్ట్రం కింద వేలాడే ట ఒత్తు, క్రావడి వచ్చి కింది లైన్లో కీ మీదున్న గుడి దీర్ఘానికి తగులుతున్నాయా? తగిలితే 1.8 చెయ్యండి, ఇంకా ఇరుగ్గా అనిపిస్తే 1.9. పిక్సెల్స్‌లో ఇవ్వొద్దు, వట్టి నంబరే ఇవ్వండి, ఎందుకంటే పిక్సెల్స్‌లో ఇస్తే ఆ కొలతే హెడ్డింగులకీ వెళ్ళిపోయి పెద్దక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి. హెడ్డింగ్‌కి విడిగా 1.2 అని ఉంటే దాన్నీ 1.5 దాకా లాగండి.

ఫాంట్ సంగతి. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి బోలెడున్నాయి, రామభద్ర, ధూర్జటి, తెనాలి రామకృష్ణ లాంటివి చూడ్డానికి భలే ఉంటాయి గానీ అవి హెడ్డింగులకి పెట్టుకోండి, పేజీ మొత్తం వాటితో నింపితే ఎవరూ చదవలేరు. అసలు మేటర్‌కి మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ వాడండి. మండలిలో ఒక్కటే మందం ఉంది, కాబట్టి బోల్డ్ అడిగితే బ్రౌజర్ తనే అక్షరాన్ని లావు చేసి అలికేస్తుంది, మ, య లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. బోల్డ్ ఎక్కువ వాడేవాళ్ళకి నోటోనే మంచిది, 100 నుంచి 900 దాకా మందాలున్నాయి. ఇటాలిక్ జోలికి మాత్రం వెళ్ళొద్దు, తెలుగు అక్షరం అలా పక్కకి వాలితే అస్సలు బాగోదు. లెటర్-స్పేసింగ్ (అక్షరాల మధ్య దూరం) కూడా సున్నాలోనే ఉంచండి.

సైజు 1.15 రెమ్ (బ్రౌజర్ మామూలు అక్షరం సైజుకి 1.15 రెట్లు) దగ్గర మొదలుపెట్టండి. రెమ్ ఎందుకంటే బ్రౌజర్ సెట్టింగ్స్‌లో అక్షరాలు పెద్దవి చేసుకున్న పెద్దవాళ్ళకి మీ పేజీ కూడా పెద్దగానే కనిపిస్తుంది. లైను వెడల్పుకి మ్యాక్స్-విడ్త్ 34 ఈఎమ్ (ఒక ఈఎమ్ అంటే అక్కడి అక్షరం సైజంత) ఇవ్వండి, లేకపోతే కంప్యూటర్లో లైను ఈ చివర్నుంచి ఆ చివరికి పోయి కింది లైను ఎక్కడ మొదలయిందో వెతుక్కోవాలి. జస్టిఫై (లైన్ల రెండు అంచులూ సమానం చెయ్యడం) తీసెయ్యండి, మన మాటలు పొడుగు కాబట్టి ఫోన్‌లో మధ్యమధ్యలో పెద్దపెద్ద గ్యాపులొస్తాయి. హెడ్‌లో వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ (పేజీని ఫోన్ వెడల్పుకి సర్దమని చెప్పే లైను) ఉందో లేదో కూడా చూసుకోండి, అది లేకపోతే ఫోన్ మీ పేజీని కంప్యూటర్ పేజీ అనుకుని చీమంత చేసి చూపిస్తుంది.

రంగు విషయంలో నేను గట్టిగా చెప్తా. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద #999 గ్రే అక్షరాలు పెట్టడం చదివేవాళ్ళని ఏడిపించడమే. యాక్సెసబిలిటీ రూల్స్ మామూలు అక్షరాలకి కనీసం 4.5 కాంట్రాస్ట్ (అక్షరం రంగుకీ వెనక రంగుకీ వెలుగులో తేడా) అడుగుతాయి, #999కి వచ్చేది 2.85. మే నెల మధ్యాహ్నం బెజవాడ పండిట్ నెహ్రూ బస్టాండ్ బయట గుంటూరు బస్సు కోసం నిలబడి ఫోన్ తీస్తే ఆ గ్రే ఉందో లేదో కూడా తెలీదు. #222, అంటే దాదాపు నలుపు, పెట్టండి, ప్రశాంతంగా ఉంటుంది.

లింకుల కింద గీత ఒత్తులకి అడ్డొస్తుంది, టెక్స్ట్-అండర్‌లైన్-ఆఫ్‌సెట్ 0.3 ఈఎమ్ ఇస్తే కిందకి జరుగుతుంది.

ఇంకోటి, బెజవాడలో డీటీపీ చేయించిన పాత వ్యాసాలు, కథలు సైట్‌లో పెట్టాలనుకునేవాళ్ళకి. అవి ఎక్కువగా అను ఫాంట్లలో ఉంటాయి, అది యూనికోడ్ (అన్నిచోట్లా ఒకేలా పనిచేసే అక్షరాల కోడ్) కాదు, కాపీ చేసి పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులొస్తాయి. కన్వర్టర్లో వేసి మార్చుకోండి, మార్చాక మాత్రం ఒత్తులు, సున్నాలు ఒక్కొక్కటీ పాత ప్రింటు పక్కన పెట్టుకుని సరిచూడండి, కన్వర్టర్ తప్పు చేస్తే ఎక్కువగా అక్కడే చేస్తుంది.