పాళీతో తెలుగు అక్షరాలు: సాధన ఎలా మొదలుపెట్టాలి

చేతిరాతను కళగా సాధన చేయాలనుకునే తెలుగువారిలో చాలామంది ముందుగా ఇంగ్లీషు అక్షరాల అభ్యాస పుస్తకం కొనుక్కుంటారు. ఆ పుస్తకాలు పేజీల తరబడి దిద్దించే నిలువు గీతలు, ఏటవాలు గీతలు మన లిపికి పెద్దగా అక్కరకు రావు. తెలుగు అక్షరం వంపుల మీద నిలుస్తుంది, దాని కిందికి ఒత్తులు దిగుతాయి, పైకి గుడులు లేస్తాయి. అందువల్ల తొలి రెండు వారాలు వంపులకూ, ఆ తరువాతి కాలమంతా అక్షరం చుట్టూ విడిచే ఖాళీకీ కేటాయించడం మంచిదని నా అభిప్రాయం.

మొదటి రోజే పాళీ కొననక్కర లేదు. రెండు పెన్సిళ్లను పక్కపక్కన పెట్టి, మొనలు సమంగా ఉండేటట్టు రబ్బరు బ్యాండుతో బిగించి కట్టండి. రెండు మొనల మధ్య దూరమే పాళీ వెడల్పు అవుతుంది. గీసిన ప్రతి వంపూ జంట గీతలుగా పడుతుంది కనుక ఎక్కడ లావు వస్తోందో, ఎక్కడ సన్నబడుతోందో సిరాలో కన్నా ఇందులోనే స్పష్టంగా కనబడుతుంది. చేయి కుదిరాక చదును మొన గల పెన్ను తీసుకోవచ్చు. పైలట్ పారలెల్ పెన్నులు 1.5, 2.4, 3.8, 6.0 మిల్లీమీటర్ల వెడల్పుల్లో దొరుకుతాయి, తెలుగుకు 3.8తో మొదలుపెట్టి, ఒత్తుల కోసం 2.4 దగ్గర ఉంచుకుంటే చాలు. వెదురు పుల్లను ఏటవాలుగా చెక్కి, మొనను అడ్డంగా కోసి, మధ్యలో సన్నని చీలిక పెట్టుకున్న కలం కూడా చక్కగా పని చేస్తుంది.

పాళీ అంచును అడ్డ గీతకు సుమారు 30 డిగ్రీల వాలులో పట్టుకుని, అక్షరం పూర్తయ్యేదాకా ఆ వాలును మార్చకూడదు. మణికట్టు తిరిగితే అక్షరంలో లావు, సన్నం తారుమారవుతాయి. ఒక కూడిక గుర్తు గీసి చూసుకోండి: నిలువు గీత లావుగా, అడ్డ గీత కాస్త సన్నగా వస్తే వాలు సరిగ్గా ఉన్నట్టు, రెండూ ఒకే లావులో వస్తే అది 45 డిగ్రీలకు పోయినట్టు.

ఇక సున్న. దీన్ని ఒకే చుట్టులో గీయాలని చూస్తే పైకి నెట్టేటప్పుడు పాళీ కాగితాన్ని గీరుతుంది, సిరా చిమ్ముతుంది. సున్నను గడియారంగా ఊహించుకుని, 11 గంటల స్థానంలో మొదలుపెట్టి ఎడమ పక్కగా 5 గంటల స్థానం దాకా కిందికి దించండి. మళ్లీ 11 దగ్గరికే వచ్చి కుడి పక్కగా 5 దాకా దించండి. పాళీని 30 డిగ్రీల్లో పట్టినప్పుడు వంపు అతి సన్నగా ఉండేది సరిగ్గా ఈ రెండు చోట్లే కనుక అతుకు కనబడదు. ఈ రెండు చాళ్లు చేతికి పట్టుబడితే ర వస్తుంది, అందులో చుక్క పెడితే ఠ వస్తుంది. ఆ తరువాత ద, డ, వ, ప, స వరుసగా దిద్దుకోవచ్చు.

తలకట్టును చాలామంది చివర్లో అలవోకగా పెట్టేస్తారు గాని, నా దృష్టిలో అక్షరానికి కళ తెచ్చేది అదే. కిందికి దిగే పొట్టి గీత లావుగా, కుడి వైపుకు లేచే పొడవు గీత వెంట్రుకంత సన్నగా రావాలి. ఆ రెండో గీత లావెక్కిందంటే పాళీ వాలు తప్పిందని అర్థం. కొమ్ము విషయంలోనూ మెలకువ అవసరం. అన్ని అక్షరాలకూ పెట్టినట్టే వకు కూడా కొమ్మును కుడి పక్కన పెడితే అది మ అయిపోతుంది. అందుకే పు, వు వంటి వాటిలో కొమ్ము అక్షరం అడుగు నుంచి బయలుదేరుతుంది.

వరుసల మధ్య ఎడం ముందుగానే లెక్క వేసుకోవాలి. మా బంధువుల గృహప్రవేశానికని నేను రెండు వరుసల్లో ‘లక్ష్మీ నిలయం’ రాసినప్పుడు, క్ష్మీ కింద దిగిన ష ఒత్తు, మ ఒత్తు రెండూ కలిసి కింది వరుసలోని య తలకట్టులోకి చొచ్చుకుపోయాయి. మంచి కాగితం, సగం రోజు పని వృథా అయ్యాయి. అప్పటి నుంచి 5 మిల్లీమీటర్ల గడుల కాగితం మీద ముందు పెన్సిలుతో నమూనా వేసుకుంటున్నాను: అక్షరం ఒంటికి మూడు గడులు, గుడికీ తలకట్టుకూ పైన రెండు, ఒత్తుకు కింద మూడు, జంట ఒత్తు ఉంటే నాలుగు. ఒత్తును అదే పాళీతో చిన్నగా రాస్తే లోపలి ఖాళీ పూడిపోయి మచ్చలా కనబడుతుంది కనుక 2.4 పాళీ వాడాలి. ‘అమ్మ’, ‘రాష్ట్రం’, ‘జ్యోత్స్న’ ఈ సాధనకు మంచి మాటలు.

తాటాకు మీద గంటంతో గీసి మసి పూసే రోజుల్లో గీత అంతటా ఒకే సన్నంలో ఉండేది; లావు, సన్నాల సొగసు కలంతో వచ్చిన స్వేచ్ఛ. ఆ స్వేచ్ఛను ఎంతవరకు వాడుకోవచ్చో తెలియాలంటే పాత వారపత్రికల కథల శీర్షికలనూ, బాపు చేతిరాతనూ పరిశీలించండి. అచ్చంగా అనుకరించడం కన్నా, రెండు అక్షరాల మధ్య ఆయన ఎంత చోటు విడిచారో స్కేలుతో కొలిచి చూడటం ఎక్కువ నేర్పుతుంది.

రోజుకు ఇరవై నిమిషాలు చాలు; కాని అందులో మొదటి ఐదు నిమిషాలు సున్నలకే ఇవ్వండి. సాధారణ నోటుబుక్కు కాగితంలో సిరా పాకుతుంది కాబట్టి 100 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) లేదా అంతకు మించిన కాగితం తీసుకోండి. నీటికి చెదరని ఇండియన్ ఇంకును పెన్నులో ఎప్పుడూ పోయకండి, అది లోపల గట్టిపడి దారి మూసేస్తుంది; దాన్ని వెదురు కలానికి ముంచి వాడుకోవచ్చు, రాయడం కాగానే సిరా ఆరకముందే మొనను నీళ్లలో కడిగి గుడ్డతో తుడవాలి.