ఎకానమీ టికెట్టే, కూర్చునేది మాత్రం లాంజ్‌లో

హన్మకొండలో రాత్రి భోజనం కాగానే బయల్దేరితే శంషాబాద్‌కు సుమారు మూడు గంటలు. తెల్లవారుజామున ఫ్లైట్ అంటే చేతిలో బోలెడు టైమ్. ఎయిర్‌పోర్ట్‌లో విడిగా ఉండే విశ్రాంతి గది, అదే లాంజ్, దాని విలువ అప్పుడే తెలుస్తుంది.

ఆఫీస్ పని మీద తరచూ విదేశాలకు తిరిగేవాళ్లు ముందు ఒకే ఎయిర్‌లైన్ మెంబర్‌షిప్ ప్రోగ్రామ్ పట్టుకోండి. ఏ టికెట్ చవకైతే అది కొని, ప్రయాణాలకు వచ్చే పాయింట్లను, అంటే మైళ్లను, నాలుగు ఖాతాల్లో పంచితే ఎక్కడా గోల్డ్ అనే పై స్థాయి మెంబర్‌షిప్ రాదు. నేను ఎయిర్ ఇండియా ప్రోగ్రామ్‌లోనే వేస్తాను. అందులో గోల్డ్ అయితే ఎయిర్ ఇండియా, లుఫ్తాన్సా లాంటి ఎయిర్‌లైన్స్ కూటమి అయిన స్టార్ అలయన్స్‌లో గోల్డ్ కూడా అయినట్టే. లుఫ్తాన్సా ఎకానమీలో వెళ్లినా ఫ్రాంక్‌ఫర్ట్‌లో వాళ్ల సెనేటర్ లాంజ్‌లోకి రానిస్తారు. వేడి తిండి, స్నానానికి షవర్ ఉంటాయి. రాత్రంతా కూర్చుని వచ్చాక ఆ షవరే అసలు లగ్జరీ, నన్నడిగితే.

మీతో ఒకరిని తీసుకెళ్లొచ్చు. కాకపోతే వాళ్లకూ అదే రోజు స్టార్ అలయన్స్ ఫ్లైట్ ఉండాలి. అమ్మ వెంట ఉంటే నేను లాంజ్ వదలను.

బుక్ చేసేటప్పుడే మెంబర్‌షిప్ నంబర్ ఇవ్వండి, బోర్డింగ్ పాస్ మీద గోల్డ్ అని పడిందో లేదో చూసుకోండి. మరీ చవక టికెట్లకు మైళ్లు తక్కువ పడతాయి, కొన్నిటికి అసలు పడవు.

ఎమిరేట్స్ ఏ అలయన్స్‌లోనూ లేదు, అక్కడ ఈ గోల్డ్ కార్డు పనిచేయదు.

ఇంకోటి, గోల్డ్‌కు చాలా ఎయిర్‌లైన్స్‌లో అదనంగా ఒక బ్యాగ్ గానీ 20 కిలోలు గానీ ఇస్తారు. సకినాలు, పచ్చళ్లు అందులో పెట్టండి.